చిన్న గ్రౌండ్‌లో రన్స్ తక్కువ, ఫెన్స్ లేనిదాంట్లో ఎక్కువ: సాఫ్ట్‌బాల్ లీగ్‌లో ఇదెలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీది సరదాగా ఆడుకునే స్లో పిచ్ (బంతిని నెమ్మదిగా, ఎత్తుగా లేపి వేసే సాఫ్ట్‌బాల్) లీగ్, మూడు గ్రౌండ్లు ఉన్నాయి. ఒకదాని ఫెన్స్ (బ్యాటర్‌కు ఎదురుగా గ్రౌండ్ చివర ఉండే కంచె) 225 అడుగుల దూరంలో ఉంది, ఇంకోదానిది 300 అడుగులు, మూడోదానికి ఫెన్సే లేదు. ఒక్కో గ్రౌండ్‌లో 16 ఆటలు అయ్యాక చూస్తే, రెండు జట్ల రన్స్ కలిపి ఆటకు సగటున చిన్నదాంట్లో 22, 300 అడుగులదాంట్లో 27, ఫెన్స్ లేనిదాంట్లో 31 వచ్చాయి. లెక్కలో తప్పుందేమోనని మీ అనుమానం. పెద్ద గ్రౌండ్ ఎక్కువసార్లు దొరికిన జట్లకు రన్ తేడాలో (కొట్టిన రన్స్‌లోంచి ఇచ్చిన రన్స్ తీసేస్తే వచ్చేది) లాభం వస్తోందని కెప్టెన్ల గొడవ. గ్రౌండ్‌ను బట్టి స్కోర్లు సవరించాలా, చిన్నదాని ఫెన్స్ మార్చాలా అని అడిగారు.

లెక్కలో తప్పు ఉండాల్సిన పనేం లేదు. స్లో పిచ్ లీగుల స్కోర్‌బుక్కులు, షెడ్యూళ్లు చాలాకాలం చూసినవాడిగా చెప్తున్నాను, ఈ వరస నాకు ఆశ్చర్యంగా అనిపించలేదు. కాకపోతే ఆ 22, 27, 31 అంకెల్లో గ్రౌండ్ వాటా ఎంత, మిగతా విషయాల వాటా ఎంత అనేది వేరు చేయాలి. అసలు పని అక్కడుంది.

"ఫెన్స్ దగ్గరగా ఉంటే స్కోరు పెరుగుతుంది" అనే నమ్మకం మనకు క్రికెట్ నుంచి వచ్చిందనుకుంటాను. క్రికెట్‌లో బౌండరీ లోపలికి జరిపితే గాల్లో వెళ్లినదానికీ లాభమే, నేల మీద దొర్లినదానికీ లాభమే. సాఫ్ట్‌బాల్ ఫెన్స్ అలా కాదు. గాల్లో దాటితేనే హోమ్ రన్ (బ్యాటర్ అన్ని బేస్‌లూ చుట్టి వచ్చే హిట్). దొర్లుకుంటూ వచ్చిన బంతికి ఆ ఫెన్స్ అడ్డుగోడ, అంటే ఫీల్డర్ పక్షాన నిలబడ్డ ఇంకో మనిషి కింద లెక్క. కాబట్టి ఫెన్స్‌ను దగ్గరకు తెస్తే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. గాల్లో పోయే కొన్ని బంతులు హోమ్ రన్ అవుతాయి. అదే సమయంలో అవుట్‌ఫీల్డర్లు (బేస్‌ల వెనకాల దూరంగా నిలబడే ఫీల్డర్లు) కాపలా కాయాల్సిన నేల తగ్గిపోతుంది. ఈ రెండోది ఎంత పెద్ద విషయమో చాలామంది లెక్కేసి చూడరు.

ఒకసారి వేసి చూద్దాం. రెండు ఫౌల్ లైన్ల (కొట్టిన బంతి చెల్లే హద్దు గీతల) మధ్య ఆట స్థలం పావు వృత్తం. ఇన్‌ఫీల్డ్ (బేస్‌లున్న లోపలి భాగం) మట్టి, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి సుమారు 115 అడుగుల దాకా ఉందనుకోండి. ఫెన్స్ అంతటా ఒకే దూరంలో ఉంటే, 225 అడుగుల గ్రౌండ్‌లో మిగిలే అవుట్‌ఫీల్డ్ దాదాపు 29,400 చదరపు అడుగులు. 300 అడుగులదాంట్లో దాదాపు 60,300. స్లో పిచ్‌లో పదిమంది ఫీల్డింగ్ చేస్తారు, మామూలుగా నలుగురు అవుట్‌ఫీల్డ్‌లో ఉంటారు. అంటే ఒక్కొక్కరి వాటాకు చిన్నదాంట్లో 7,300 చదరపు అడుగులు, పెద్దదాంట్లో 15,000 పైన. ఫెన్స్ దూరం మూడో వంతే పెరిగింది, కానీ కాపలా కాయాల్సిన నేల రెట్టింపు అయింది. ప్రొఫెషనల్ ఆటగాళ్లయితే కాళ్ల వేగంతో కొంత సర్దుకుంటారు. మన లీగుల్లో అవుట్‌ఫీల్డ్‌లో ఎవరుంటారో మీకు తెలుసు.

ఈ విషయం పెద్ద స్థాయిలో స్పష్టంగా కనిపించేది డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్‌లో. అది బేస్‌బాల్ స్టేడియం, 1995లో తెరిచారు. ఊరు సముద్ర మట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉంది, గాలి పల్చన, బంతి దూరం పోతుంది. అందుకని ఫెన్స్‌లు బాగా వెనక్కి పెట్టారు, సెంటర్‌లో 415 అడుగులు. దాంతో అవుట్‌ఫీల్డ్ మరీ విశాలమైపోయి సింగిల్స్, డబుల్స్, ట్రిపుల్స్ (బ్యాటర్ ఒకటి, రెండు, మూడు బేస్‌లు చేరే హిట్లు) కూడా పెరిగాయి. 2002 నుంచి బంతులను తేమ అదుపులో ఉండే గదిలో నిల్వ చేస్తున్నా, రన్స్ ఎక్కువగా వచ్చే గ్రౌండ్ అన్న పేరు దానికి పోలేదు. హోమ్ రన్లు ఆపుదామని ఫెన్స్ వెనక్కి జరిపితే మిగతా హిట్లు పెరుగుతాయనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఇప్పుడు మీ చిన్న గ్రౌండ్ సంగతి. 225 అడుగుల ఫెన్స్ అంటే అది బహుశా ఫాస్ట్ పిచ్ (బంతిని వేగంగా వేసే సాఫ్ట్‌బాల్) కోసమో పిల్లల కోసమో కట్టినదై ఉంటుంది. పెద్దల స్లో పిచ్‌కు మామూలుగా 275 నుంచి 300 అడుగుల దాకా ఉంటుంది. అలాంటిచోట అవుట్‌ఫీల్డర్లు ఎక్కడ నిలబడతారో గమనించండి. ఫెన్స్ దాటిపోయేదాన్ని వాళ్లెలాగూ ఆపలేరు, తల మీదుగా వెళ్లి లోపలే పడే బంతికి చోటు తక్కువ. కాబట్టి ధైర్యంగా ముందుకొచ్చి నిలబడతారు. ఇన్‌ఫీల్డ్ వెనకాల పడాల్సిన మెత్తటి హిట్లు క్యాచ్‌లు అయిపోతాయి. అంతకన్నా ముఖ్యమైనది, సింగిల్ పడినా సెకండ్ బేస్ మీదున్న రన్నర్ ఇంటికి (హోమ్ ప్లేట్‌కు, అంటే రన్‌కు) రాలేడు. బంతి అప్పటికే 160 అడుగుల దూరంలో ఒకరి చేతిలో ఉంటుంది. ఫెన్స్ లేని గ్రౌండ్‌లో అదే సింగిల్‌కు ఫస్ట్ మీదున్నవాడు థర్డ్‌కు, సెకండ్ మీదున్నవాడు ఇంటికి నడిచినంత తేలిగ్గా వస్తారు. స్లో పిచ్‌లో రన్స్ ఎక్కువగా వచ్చేది ఈ వరస సింగిల్స్ మీదే. హోమ్ రన్లు కళ్లకు కనిపిస్తాయి, గుర్తుంటాయి. స్కోర్‌బుక్ తిరగేస్తే మాత్రం అయిదు రన్స్ వచ్చిన ఇన్నింగ్స్‌లో చాలావాటికి హోమ్ రన్ అవసరమే పడి ఉండదు.

ఇక హోమ్ రన్ పరిమితి. మీ లీగ్‌లో ఉందో లేదో రాయలేదు, కానీ చాలా సరదా లీగుల్లో ఉంటుంది. ఆటకు జట్టుకు ఇన్ని అని పెట్టి, దాటితే అవుట్ అంటారు, కొన్నిచోట్ల సింగిల్ ఇస్తారు. ఈ ఒక్క నియమం చిన్న గ్రౌండ్ స్వభావాన్ని తలకిందులు చేస్తుంది. పరిమితి మూడు అనుకుంటే, 225 అడుగుల దగ్గర గట్టి జట్టు రెండో ఇన్నింగ్స్‌కే అవి వాడేసుకుంటుంది. ఆ తర్వాత బలంగా కొట్టగలవాళ్లంతా భయంభయంగా బ్యాట్ తిప్పాలి. బాగా తగిలితే అవుట్! ఫెన్స్ లేని గ్రౌండ్‌లో ఈ బాధే లేదు. బంతి దొర్లుకుంటూ పోయి, కొట్టినవాడు పరుగెత్తి ఇంటికొస్తే అది పరిమితి లెక్కలోకి రాదు, ఎందుకంటే సాధారణంగా ఆ నియమం ఫెన్స్ దాటినవాటికే. కాబట్టి ఒకే నియమం ఒక గ్రౌండ్‌లో స్కోరుకు కళ్లెం వేస్తోంది, ఇంకో గ్రౌండ్‌లో అసలు పనే చేయడం లేదు. మీ 22కూ 31కీ మధ్య తేడాలో దీనికి మంచి వాటా ఉందని నా అనుమానం. చిన్న గ్రౌండ్ ఆటల్లో "పరిమితి దాటి అవుట్" ఎన్నిసార్లు జరిగిందో స్కోర్‌షీట్లలో వెతకండి. ఆటకు రెండు మూడు కనిపిస్తే, అవి ఒక్కోటి ఎన్ని రన్స్ మింగాయో మీరే ఊహించుకోవచ్చు.

మిశ్రమ జట్ల లీగ్ అయితే ఇంకో మెలిక. మహిళలు బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు అవుట్‌ఫీల్డర్లు ఒక గీత వెనకే ఉండాలని కొన్ని లీగుల నియమం. ఆ గీత 180 అడుగుల దగ్గరుంటే, చిన్న గ్రౌండ్‌లో ఆ నలుగురూ ఫెన్స్‌కు 45 అడుగుల లోపే ఇరుక్కుంటారు, ఇన్‌ఫీల్డ్ వెనక పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు నేను పైన చెప్పిన "ముందుకొచ్చి నిలబడటం" కుదరదు.

ఫెన్స్ గురించే ఇంత రాశాను కానీ, నన్నడిగితే దానికన్నా నేలను ఎక్కువ పట్టించుకోవాలి. సాఫ్ట్‌బాల్ ఇన్‌ఫీల్డ్‌లో గడ్డి ఉండదు, అంతా మట్టే. ఆ మట్టి ఎండి గట్టిపడితే బంతి రెట్టింపు వేగంతో వచ్చినట్టుంటుంది, గులకరాయి తగిలితే మొహం మీదకు లేస్తుంది. తడిగా ఉంటే బంతి చచ్చుబడుతుంది. మామూలు గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) కాస్తా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్) దాకా నిదానంగా వస్తుంది, వేగంగా పరుగెత్తేవాడు ఫస్ట్ బేస్ చేరిపోతాడు. మట్టీ గడ్డీ కలిసేచోట ఇంకో సమస్య ఉంది. ఇన్‌ఫీల్డ్‌ను లాగి చదును చేసిన ప్రతిసారీ కొంత మట్టి గడ్డి అంచులోకి చేరి, కొన్నాళ్లకు అక్కడ చిన్న గట్టు తయారవుతుంది. నేరుగా వస్తున్న బంతి ఆ గట్టు తగిలి అవుట్‌ఫీల్డర్ భుజం మీదుగా ఎగిరిపోతుంది. సింగిల్ కావాల్సింది ట్రిపుల్. మీ మూడో గ్రౌండ్‌లో ఆ అంచును ఒకసారి చెప్పుతో తడిమి చూడండి. ఎవరూ పెద్దగా చూసుకోని గ్రౌండ్లలో ఇది దాదాపు తప్పకుండా ఉంటుంది, ఫెన్స్ లేనివి ఎక్కువగా అలాంటి గ్రౌండ్లే.

అవుట్‌ఫీల్డ్ గడ్డి పొడవు కూడా అంతే. పొడవుగా పెరిగిన గడ్డి గ్యాప్‌లో పోయే బంతిని పట్టి ఆపుతుంది, డబుల్ సింగిల్ అవుతుంది. కోసిన మర్నాడే అదే గ్రౌండ్ వేరే గ్రౌండ్. సింథటిక్ టర్ఫ్ మీద బౌన్స్ నికార్సుగా ఉంటుంది, ఇన్‌ఫీల్డ్ తప్పిదాలు తగ్గుతాయి, కానీ అవుట్‌ఫీల్డర్‌ను దాటిన బంతి ఆగదు.

బేస్‌ల దూరం ఒకసారి టేపుతో కొలవండి. స్లో పిచ్‌లో 65 అడుగులూ వాడతారు, 70 కూడా వాడతారు. ఫాస్ట్ పిచ్ గ్రౌండ్‌లో 60 అడుగుల దగ్గర కూడా గుంటలుంటాయి, సిబ్బంది పొరపాటున అందులో బేస్ దిగేసి వెళ్లిపోవడం మామూలే. అయిదు అడుగులే కదా అనుకోవద్దు. మనలాంటివాళ్లు పూర్తి వేగంలో సెకనుకు దాదాపు 20 అడుగులు పరుగెడతారనుకుంటే, అది పావు సెకను. ఫస్ట్ బేస్ దగ్గర సేఫా అవుటా అని అంపైర్‌తో గొడవపడే సందర్భాలన్నీ ఆ పావు సెకను లోపలే జరుగుతాయి. దూరం తగ్గితే గ్రౌండర్‌కు బతికిపోయేవాళ్లు పెరుగుతారు, డబుల్ ప్లేలు (ఒకే బంతికి ఇద్దరు అవుట్ కావడం) తగ్గుతాయి. అయితే దూరం పెరిగినప్పుడు ఇన్‌ఫీల్డర్ల మధ్య ఖాళీలు కూడా పెరుగుతాయి కాబట్టి లాభనష్టాలు కొంత రద్దవుతాయి. మూడు గ్రౌండ్లలో ఒకే దూరం ఉందా లేదా అన్నదే మీకు కావాల్సింది. అలాగే పిచర్ బంతి వేసే పిచింగ్ ప్లేట్ 50 అడుగుల దగ్గరుందో లేదో చూడండి.

ఫౌల్ లైన్ల బయట ఎంత చోటుందో చూడండి. ఎక్కువ చోటుంటే పైకి లేచిన ఫౌల్ బంతులు క్యాచ్ అవుతాయి, సైడ్ ఫెన్స్ దగ్గరగా ఉంటే అవి బయట పడిపోయి బ్యాటర్ బతుకుతాడు. విసిరిన బంతి ఫస్ట్ బేస్‌మన్‌ను దాటిపోయినప్పుడు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పక్కనే ఫెన్స్ ఉంటే తగిలి వెనక్కొస్తుంది, రన్నర్ మహా అయితే ఒక బేస్ ముందుకెళ్తాడు. బంతి ఆట హద్దు దాటి బయటకు పోతే రన్నర్లకు రెండు బేస్‌లు ఇస్తారు. హద్దు సున్నంతో గీసిన గ్రౌండ్‌కూ, ఫెన్స్ ఉన్న గ్రౌండ్‌కూ ఒక సీజన్‌లో దీనివల్లే చెప్పుకోదగ్గ రన్స్ తేడా వస్తుంది. బ్యాక్‌స్టాప్ (బ్యాటర్ వెనక ఉండే కంచె) దూరం మాత్రం స్లో పిచ్‌లో పెద్ద విషయం కాదు, అది ఫాస్ట్ పిచ్ వాళ్ల తలనొప్పి.

గాలి విషయంలో సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్ కన్నా సున్నితం. 12 అంగుళాల సాఫ్ట్‌బాల్ ఆరుంపావు నుంచి ఏడు ఔన్సుల బరువుంటుంది. బేస్‌బాల్ చుట్టుకొలత 9 అంగుళాల పైచిలుకు, బరువు అయిదు ఔన్సుల పైన. గాలికి ఎదురయ్యే వైశాల్యం సాఫ్ట్‌బాల్‌కు దాదాపు 70 శాతం ఎక్కువ, బరువు మాత్రం 30 శాతమే ఎక్కువ. అందుకే ఎదురుగాలికి త్వరగా లొంగిపోతుంది, వెనకగాలికి బాగా తేలుతుంది. చుట్టూ చెట్లూ భవనాలూ ఉన్న గ్రౌండ్‌కూ, నాలుగువైపులా ఖాళీగా ఉన్న గ్రౌండ్‌కూ ఇక్కడే తేడా వచ్చేస్తుంది. స్లో పిచ్‌లో ఇంకో సంగతి: బంతిని ఆరు నుంచి పది అడుగుల ఎత్తు లేపి వేయాలి (కొన్ని సంస్థల నియమాల్లో కనీసం మూడు అడుగులు చాలు). అంత నెమ్మదిగా, అంత ఎత్తున పోయే బంతిని సుడిగాలి ఎటైనా తోస్తుంది. పిచర్ సరైన చోట స్ట్రైక్ వేయలేక వాక్‌లు (కొట్టకుండానే ఫస్ట్ బేస్) ఇస్తూ పోతాడు. గాలి ఎక్కువగా వీచే గ్రౌండ్‌లో రన్స్ పెరిగితే అది లాంగ్ హిట్ల వల్లో వాక్‌ల వల్లో స్కోర్‌బుక్ చూడకుండా చెప్పలేం.

వేడి రెండు వైపులా లాగుతుంది. వెచ్చటి గాలి పల్చబడి బంతి కాస్త దూరం పోతుంది. కానీ ఇప్పటి సాఫ్ట్‌బాల్ లోపలి పాలియురేథేన్ ఎండకు మెత్తబడుతుంది, బ్యాట్ నుంచి దూకుడు తగ్గుతుంది. చలిలో గట్టిపడుతుంది. కాబట్టి మధ్యాహ్నం ఆటలన్నీ ఒక గ్రౌండ్‌లో, రాత్రి ఆటలన్నీ ఇంకోదాంట్లో పడితే మీరు గ్రౌండ్‌ను కొలుస్తున్నామనుకుని గడియారాన్ని కొలుస్తున్నట్టు. వెలుతురు సంగతీ అంతే. తక్కువ ఎత్తున్న లైట్ల పైకి బంతి లేస్తే చీకట్లో మాయమై, ఎక్కడో దబ్బున పడుతుంది. సాయంత్రం ఎండకు కూడా దిక్కు ఉంటుంది. హోమ్ ప్లేట్ నుంచి సెకండ్ బేస్‌కు గీసిన గీత తూర్పు ఈశాన్యంగా ఉంటే మంచిదని బేస్‌బాల్ నియమాల పుస్తకం అంటుంది. అప్పుడు బ్యాటర్ వీపు పడమటి ఎండకు ఉంటుంది, కళ్లు చిట్లించుకునే పని ఫీల్డర్లకు పడుతుంది. ఫోన్‌లో దిక్సూచి తీసి మీ మూడు గ్రౌండ్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి, రెండు నిమిషాల పని.

సరే, ఇప్పుడు అంకెలు. మీ 22, 27, 31 సగటులను నేను అలాగే నమ్మను. మొదటి కారణం ఇన్నింగ్స్. మీ ఆటలకు గంట పరిమితి ఉంటే, రన్స్ ఎక్కువ వచ్చే గ్రౌండ్‌లో ఆట అయిదు ఇన్నింగ్స్‌కే ముగిసిపోతుంది, తక్కువ వచ్చేదాంట్లో ఏడూ పూర్తవుతాయి. ఊహకు చెప్తున్నాను: అయిదు ఇన్నింగ్స్‌లో 31 అంటే, పది అర ఇన్నింగ్స్‌లలో (అర ఇన్నింగ్స్ అంటే ఒక జట్టు ఒక విడత బ్యాటింగ్) ఒక్కోదానికి 3.1. ఏడు ఇన్నింగ్స్‌లో 22 అంటే దాదాపు 1.6. మొత్తం చూస్తే తేడా 40 శాతం, అర ఇన్నింగ్స్‌కు చూస్తే రెట్టింపు. మెర్సీ రూల్ (ఒక జట్టు చాలా ముందుంటే ఆట ముందే ఆపేసే నియమం) కూడా ఇలాగే అసలు తేడాను కప్పేస్తుంది. ఇన్నింగ్స్‌కు అయిదు రన్స్ మించకూడదన్న నియమం ఉంటే మరీనూ. కాబట్టి ఎప్పుడూ ఆటకు కాదు, అర ఇన్నింగ్స్‌కు ఎన్ని అని చూడండి.

రెండోది, అక్కడ ఆడింది ఎవరు. చాలా లీగుల్లో గట్టి డివిజన్‌కు పెద్ద గ్రౌండ్ ఇస్తారు, కొత్తవాళ్లకు చిన్నది. అప్పుడు మీరు చూస్తున్నది గ్రౌండ్ తేడానా, బ్యాటర్ల తేడానా? దీన్ని విడదీయడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ప్రతి ఆటకూ ఒక అంచనా వేయండి. ఒక జట్టు ఆడే ఆటల్లో రెండు వైపులా కలిపి సగటున 24 రన్స్ వస్తాయి, దాని ప్రత్యర్థి ఆటల్లో 31 వస్తాయి, లీగ్ మొత్తం సగటు 27 అనుకోండి. ఆ ఇద్దరూ తలపడితే 24కు 31 కలిపి 27 తీసేయండి, 28 వస్తుంది. ఆట నిజంగా 33తో ముగిస్తే ఆ రోజు ఆ గ్రౌండ్‌కు అయిదు జమ. అలా ఒక్కో గ్రౌండ్‌కు వచ్చిన జమలూ ఖర్చులూ సగటు తీయండి. లెక్క అర్థం కావడానికి ఆట మొత్తంతో చూపించాను, మీరు అర ఇన్నింగ్స్ అంకెలతో చేయండి. జట్టు సగటు తీసేటప్పుడు వీలైతే మిగతా గ్రౌండ్ల ఆటలే తీసుకోండి, లేకపోతే గ్రౌండ్ ప్రభావం జట్టు సగటులోకే దూరిపోతుంది.

మూడోది, 16 ఆటలు తక్కువ. సరదా లీగ్‌లో ఒక ఆట 14 రన్స్‌తో, తర్వాతిది 45తో ముగుస్తుంది. ఆట మొత్తాల ప్రామాణిక విచలనం (సగటుకు ఎంత అటూఇటూ పోతాయన్న కొలత) 9 అనుకుంటే, 16 ఆటల సగటులో పొరపాటు 2.25 దాకా ఉంటుంది. రెండు గ్రౌండ్ల తేడాలో అది 3.2 అవుతుంది. అంటే ఆరు రన్స్ లోపు తేడా ఏదైనా కేవలం అదృష్టం వల్ల రావచ్చు. మీ 27కూ 31కీ మధ్య తేడాను నేను పట్టించుకోను. 22కూ 31కీ మధ్య తొమ్మిది ఉంది కాబట్టి అక్కడ ఏదో ఉంది. అయినా పై లెక్కలో ఏ జమ వచ్చినా దాన్ని సగానికి కోసి వాడుకోమంటాను. ఇంకో సీజన్ గడిచాక ఆ కోత తగ్గించుకోవచ్చు.

కెప్టెన్ల గొడవకు వద్దాం. ఒక ఆటలో రెండు జట్లూ ఒకే గ్రౌండ్‌లో ఆడతాయి, గెలుపు ఓటమిలో అన్యాయం ఏమీ లేదు. రన్ తేడాను టై బ్రేకర్‌గా (సమానంగా నిలిచిన జట్లను విడదీయడానికి) వాడటం దగ్గరే చిక్కు, ఎందుకంటే రన్స్ ఎక్కువ పారే గ్రౌండ్‌లో గెలుపు తేడాలూ పెద్దవవుతాయి. స్కోర్లను గ్రౌండ్‌ను బట్టి సవరించే ఆలోచన మానేయండి. "మేం 18 కొట్టాం, మీరు 15 రాశారేంటి?" అనే మొదటి ఫోన్‌కే మీకు విసుగొస్తుంది, పైగా ఆ సవరణ అంకె మీదే ఎవరికీ నమ్మకం ఉండదు. టై అయితే ముందు ఆ రెండు జట్ల మధ్య ఆట ఫలితం చూడండి. ఆ తర్వాత కూడా తేలకపోతే రన్ తేడా చూడండి, కానీ ఒక ఆట నుంచి ఏడు కన్నా ఎక్కువ లెక్కించకండి. షెడ్యూల్‌లో ప్రతి జట్టుకూ మూడు గ్రౌండ్లూ సమానంగా, వేళలు కూడా కలిపి తిప్పండి. ఉత్తమ బ్యాటర్ బహుమతి ఇస్తుంటే మాత్రం గ్రౌండ్ సంగతి నిజంగా ముఖ్యం. అక్కడ మొత్తం హోమ్ రన్ల లెక్క వదిలేసి, ఎంత తరచుగా బేస్ చేరాడన్నది చూస్తే గ్రౌండ్ ప్రభావం బాగా తగ్గుతుంది.

గొడవపడే కెప్టెన్లకు ఇంకో మాట చెప్పండి. ఫెన్స్ లేని గ్రౌండ్‌లో రన్స్ పారడానికి సగం కారణం వాళ్ల ఫీల్డింగే. నలుగురు అవుట్‌ఫీల్డర్లను ఒకే వరసలో, మధ్యస్థ దూరంలో నిలబెడతారు. ఆ దూరం దేనికీ పనికిరాదు: ముందు పడేది అందదు, తల మీదుగా పోయేది ఆగదు. అక్కడ నలుగురూ బాగా వెనక్కి వెళ్లి, సింగిల్ ఇచ్చేసి, బంతి ఎవరినీ దాటకుండా చూసుకోవాలి. విసిరిన బంతిని మధ్యలో అందుకునే ఇన్‌ఫీల్డర్ కూడా మామూలు కన్నా ఇంకో 30 అడుగులు బయటకు పోవాలి. చిన్న గ్రౌండ్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం: ముగ్గురు వెనకాల చాలు, నాలుగో మనిషిని సెకండ్ బేస్ వెనకాల మధ్యలోకి తీసుకొస్తే పిచర్ పక్కనుంచి దూసుకొచ్చే సింగిల్స్ సగం ఆగుతాయి.

చివరగా చిన్న గ్రౌండ్ ఫెన్స్. జరపడం మీ చేతిలో ఉండదు, ఖర్చు కూడా. పైన వల కట్టి ఎత్తు పెంచుదామని ఎవరో ఒకరు అంటారు. బోస్టన్‌లోని ఫెన్వే పార్క్‌లో ఎడమవైపు గోడ 310 అడుగుల దూరంలోనే ఉంది, ఎత్తు 37 అడుగులు. అక్కడ ఆ గోడకు తగిలి డబుల్స్ కుప్పలుగా వస్తాయి. మీ దగ్గర కూడా వల కడితే పరిమితి దాటి అవుట్ అయ్యే బంతుల్లో చాలావరకు గోడకు తగిలే డబుల్స్ అవుతాయి, రన్స్ పెరుగుతాయి. అదే కావాలంటే వలకు డబ్బు పెట్టే ముందు, ఆ ఒక్క గ్రౌండ్‌కు హోమ్ రన్ పరిమితి నియమం మార్చి చూడండి: పరిమితి దాటాక ఫెన్స్ దాటితే అవుట్ బదులు సింగిల్. సీజన్ సగంలో మార్చకండి, వచ్చే సీజన్ మొదటి ఆట నుంచి పెట్టండి. స్కోర్‌షీట్‌లో గ్రౌండ్, ఆట మొదలైన టైమ్, ఆడిన ఇన్నింగ్స్, పరిమితి దాటిన హోమ్ రన్లు అని నాలుగు గడులు చేర్చండి. పాత షీట్లలో డివిజన్ రాసి ఉంటే ఇక్కడ పెట్టండి, జమాఖర్చుల లెక్క నేను కూడా ఒకసారి వేసి చూస్తాను.